చివరిదాకా నడిచాను

పైడిరాజుకి ఒకటే నియమం. దొంగబాటని మూసేముందు దాని చివరిదాకా నడిచి రావాలి. అటు చివర మనిషెవరైనా ఉండి, ఇటు మనం దారి మూసేస్తే ఆ మనిషి గతేమిటి? జట్టులో కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటి ఆదివారమే ఈ మాట చెప్పేవాడు. చెప్పి ఊరుకోకుండా మూడుసార్లు ఒప్పజెప్పించుకునేవాడు కూడా. కాలేజీ పిల్లలు ఆయన వెనకాల నవ్వుకునేవాళ్ళు గాని, నియమం మాత్రం ఎవరూ తప్పలేదు.

తప్పింది ఆయనే. అదీ ఒక్కసారే.

ముప్పై నాలుగేళ్ళు కొత్తవలస–కిరండూల్ లైను మీద కీమాన్‌గా పనిచేసిన మనిషి. రోజూ తెల్లారకుండా భుజాన సుత్తి వేసుకుని పట్టాల వెంట నడవడం, వదులైన చోట బిగించుకుంటూ పోవడం, అదీ పని. రిటైరయ్యాక మూడు నెలలు ఎస్.కోటలో ఇంట్లో కూర్చునేసరికి ఆయనకి పిచ్చెక్కింది, ఆయన భార్య నూకరత్నానికి ఇంకా ఎక్కువగా ఎక్కింది. తలుపుల బందులు, మంచం కోళ్ళు, పక్కింటివాళ్ళ గేటు, అన్నీ బిగించడం అయిపోయాక, "ఎక్కడికైనా ఎల్లి ఏదో ఒకటి బిగించుకో, నన్నొగ్గీ" అని ఆవిడ చేతులెత్తి దండం పెట్టింది. అలా పెద్దబాట జట్టులో చేరాడు.

పెద్దబాట అంటే తూర్పు కనుమల మీదుగా ఆరువందల కిలోమీటర్లు సాగే కాలినడక దారి. ఎక్కడెక్కడి నుంచో వచ్చి సంచులు వీపున వేసుకుని పదేసి రోజులు, ఇరవయ్యేసి రోజులు నడుస్తారు. విరిగిపడిన చెట్టు పక్కకి ఎలా వెళ్ళిందో, వాననీళ్ళు దారికి అడ్డంగా పోకుండా ఆ రాళ్ళు ఎవరు పేర్చారో, చెట్ల మీద పసుపు గుర్తు ఏటేటా ఎలా కొత్తబడుతుందో నడిచేవాళ్ళకి తట్టనే తట్టదు. నెలకి రెండు ఆదివారాలు కొండెక్కి ఆ పనులన్నీ చేసేది జట్టువాళ్ళే. పైడిరాజు వంతుకొచ్చింది నిమ్మలగెడ్డ ఊరి పైనుంచి పదకొండు కిలోమీటర్లు. తొమ్మిదో రాయి నుంచి ఇరవయ్యో రాయి దాకా.

దొంగబాటల బెడద ముందునుంచీ ఉన్నదే. ఎవడో అడ్డదారి తొక్కుతాడు, వాడి వెనకాల పదిమంది తొక్కుతారు, నెల తిరిగేసరికి అసలు బాట ఏదో తెలియని పరిస్థితి. కానీ అవి పుట్టగొడుగుల్లా పెరిగింది మాత్రం ఆయన కూతురి పాచి వచ్చాకనే.

కూతురు హైమ విశాఖలో ఒక పరిశోధనశాలలో పాచి మొక్కల మీద పనిచేసేది. వానాకాలం వచ్చిందంటే బాట కోసుకుపోవడం, తండ్రి అరిగిన మోకాళ్ళతో మళ్ళీ రాళ్ళు మొయ్యడం చూసి చూసి, దీనికేదో ఉపాయం చెయ్యాలని పట్టుబట్టింది. ఆరేళ్ళు పట్టింది. ఒకనాడు రెండు ట్రేలు తెచ్చి వంటింట్లో నేలమీద పెట్టింది. ఒకదాంట్లో ఆకుపచ్చ పాచి, రెండోదాంట్లో తడిమట్టి.

"నాన్నా, ఇందులో కాలు పెట్టి, అందులోకి దిగు."

"ఏటే అమ్మీ, వంటింట్లో బురద తొక్కమంటావా? మీ అమ్మ సూత్తే నాకు కూడెట్టదు."

తొక్కాడు. మర్నాడు పొద్దున్నే చూస్తే మట్టి ట్రేలో పచ్చగా ఒక పాదం మొలిచి ఉంది. ఐదు వేళ్ళూ, ఎప్పుడో రైలు పట్టాల స్లీపరు కింద నలిగి వంకర తిరిగిన చిటికెనవేలుతో సహా. కృష్ణాష్టమికి గుమ్మంలో వేసే పాదంలా ఉందని హైమ మురిసిపోతే, "కిష్టుడు ఇంత కాలేసుకొని వత్తే ఇల్లు కూలిపోద్ది" అంది నూకరత్నం.

మనిషి బరువుకి పాచిలోని బుడగలు చిట్లి, జిగురు కారి, మట్టిని పాకంలా పట్టేస్తుంది. తొక్కేకొద్దీ దారి గట్టిపడుతుంది. నలభై రోజులు ఎవరూ తొక్కకపోతే ఎండి పొడైపోతుంది. జట్టువాళ్ళు దానికి నడకపాచి అని పేరు పెట్టారు. రెండు వానాకాలాలు గడిచినా పెద్దబాట చెక్కు చెదరలేదు. పైడిరాజు కూతుర్ని తలుచుకుని జట్టులో అందరిముందూ మీసం దువ్వుకున్నాడు.

చిక్కల్లా ఒకటే. పాచి బూట్ల అడుగున అంటుకుని వెళ్ళేది. బాట వదిలి చెట్టుచాటుకి వెళ్ళొచ్చినవాడి అడుగులు కూడా మర్నాటికి పచ్చగా మొలిచేవి. అది చూసి వెనకొచ్చినవాళ్ళు అదే బాట అనుకుని అటు తిరిగేవాళ్ళు. అందుకని జట్టుకి కొత్త పని వచ్చిపడింది. పచ్చ అడుగుల వెంట చివరిదాకా వెళ్ళి చూసి, వెనక్కొచ్చి, పారతో గీకి, సున్నం చల్లి, బాట మీంచి కనబడినంత మేరా కొమ్మలు అడ్డం వెయ్యాలి. పైడిరాజు వేసిన కొమ్మల్ని ఎవరైనా ఇట్టే గుర్తుపట్టేవాళ్ళు. పట్టాల కింద స్లీపర్లలా సమానమైన ఎడంతో, మొదళ్ళన్నీ ఒకే పక్కకి పెట్టి పేర్చేవాడు.

"మావయ్య మూసిన దారంటే సీలు వేసినట్టే" అనేవాడు అల్లుడు ఫణీంద్ర.

ఫణి, హైమ ఒకే పరిశోధనశాల. పాచి ఎక్కడ ఎలా పెరుగుతోందో కొండలెక్కి చూసొచ్చేది అతనే. బాట పని నేర్చుకోవాలని జట్టులో కూడా చేరాడు. మామగారి ముందు చేతులు కట్టుకుని నియమం మూడుసార్లు ఒప్పజెప్పాడు. మిగతావాళ్ళలా నవ్వలేదు. కొడుకులు లేని పైడిరాజుకి ఆ కుర్రాడంటే ప్రాణం. పైకి మాత్రం, "ఆడికి పార అట్టుకోడం రాదు" అని సణిగేవాడు.

ఆ జనవరిలో ఫణి ఒక్కడే ఐదు రోజుల నడకకి బయలుదేరాడు. శుక్రవారం మొదలుపెట్టి, శనివారం పైడిరాజు వంతు దాటేసి, మంగళవారం సాయంత్రానికి ఉత్తరాన రోడ్డెక్కాలి. లోయల్లో ఫోన్ పనిచెయ్యదని నూకరత్నం బెంగపడితే హైమ నవ్వింది.

"ఎక్కడ తప్పిపోయినా ఇతని వెనకాల పచ్చగా మొలుస్తుందమ్మా. వెళ్ళి చెవి పట్టుకుని లాక్కొస్తాను."

ఆదివారం పైడిరాజు కొండెక్కాడు. ముందురోజు ఏదో కాలేజీ వాళ్ళు విహారయాత్రకి వచ్చారట, బాట పొడుగునా ఎటు చూసినా పచ్చ అడుగులే. ఒక్కొక్కదాని వెంటా వెళ్ళడం, ఏ బిస్కెట్ కాగితాలో ఏరుకుని రావడం, గీకడం, కొమ్మలు పేర్చడం. పదిహేడు మూశాడు. పదిహేడింటినీ చివరిదాకా నడిచాడు. పన్నెండో రాయి దగ్గర, పెద్ద బండ చాటునుంచి పడమటి లోయలోకి దిగుతూ పద్దెనిమిదోది కనబడింది. అప్పటికి మోకాలు ఉబ్బి పొంగిన పూరీలా ఉంది. మంచు ఇంకా విడలేదు. కింద లోయలో పారే గెడ్డ హోరు తప్ప ఏమీ వినబడటం లేదు. మూడింటికి నిమ్మలగెడ్డలో బస్సు, అది దాటితే మళ్ళీ మర్నాడే.

అలాంటప్పుడు కనీసం కిందికి వంగి, అడుగులు వెళ్ళినవేనా, తిరిగి వచ్చినవి కూడా ఉన్నాయా అని చూడాలి. వంగబోయాడు. మోకాలు వంగలేదు. ఇదీ ఆ కాలేజీ కోతుల పనే అయ్యుంటుంది, అనుకున్నాడు. గీకాడు, సున్నం చల్లాడు, కొమ్మలు తీరుగా పేర్చాడు. కింది మలుపుల్లో పైకొస్తున్న బస్సు హారన్ వినిపిస్తే కుంటుకుంటూ దిగాడు.

నిమ్మలగెడ్డలో జట్టు పెద్ద గెమ్మెలి చిలకమ్మ ఇంటి వసారాలో రిజిస్టరు ఉంటుంది. ఏ రాయి దగ్గర ఏం చేసిందీ రాసి వెళ్ళాలి. పదిహేడుసార్లు రాసిన చెయ్యి పద్దెనిమిదోసారి కూడా తనంతట తానే రాసేసింది. పన్నెండో రాయి, పడమటి పక్క. చివరిదాకా నడిచాను. ఎవరూ లేరు.

మంగళవారం సాయంత్రం ఫణి రోడ్డెక్కలేదు. బుధవారం పొద్దున్నే చిలకమ్మ వసారాలో పోలీసులు, అటవీశాఖ వాళ్ళు, జట్టువాళ్ళు ఇరవైమంది దాకా పోగయ్యారు. మ్యాపు పరిచి ఏ లోయ ఎవరు వెతకాలో పంచుకుంటున్నారు. చిలకమ్మ రిజిస్టరు తీసి పైకి చదివింది.

"పన్నెండో రాయి పడమర లోయ వద్దు. ఆదివారం పైడిరాజు మామ దిగి చూసినాడు, ఎవరూ లేరని రాసినాడు."

పోలీసాయన పెన్సిల్‌తో ఆ లోయ మీద అడ్డంగా గీత కొట్టేశాడు. ఆ పక్కనే నిలబడ్డ హైమ, "నాన్న చూశాడంటే చూసినట్టే" అంది. ఆ మాట పైడిరాజు విన్నాడు. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. చుట్టూ తన దగ్గర నియమం ఒప్పజెప్పినవాళ్ళు ఇరవైమంది, ఎదురుగా కూతురు. ఫణి శనివారమే ఈ రాయి దాటేసి ఉంటాడు, ఆ అడుగులు కాలేజీవాళ్ళవే, తను నడిచినా నడవకపోయినా ఒకటే, అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. ఉత్తరానికి వెళ్ళే జట్టులో అందరికంటే ముందు నడిచాడు. ఐదు రోజులు ఉబ్బిన మోకాలితో కొండలన్నీ తిరిగాడు, ఆ ఒక్క లోయ తప్ప.

సోమవారం విస్తళ్ళకి అడ్డాకులు కోసుకునేవాళ్ళకి ఫణి కనబడ్డాడు. బాటకి నాలుగు కిలోమీటర్ల దిగువన, గెడ్డలో. ఎడమ చీలమండ విరిగి ఉంది. ఫోను నీళ్ళలో తడిసి చచ్చిపోయి ఉంది. మంగళవారమో బుధవారమో దాకా ప్రాణం ఉండి ఉంటుందన్నాడు డాక్టరు. ఉత్తరపు గట్టు మీంచి జారి, నీళ్ళలో పడి కొట్టుకొచ్చాడని రాసుకుని పోలీసులు కాయితాలు మూసేశారు.

హైమ ఏడవలేదు. పదకొండో రోజు కాగానే పరిశోధనశాలకి వెళ్ళిపోయింది. ఇంటికి ఫోన్ చెయ్యదు, చేస్తే ఎత్తదు. ఫణి పోయి నెల దాటాక ఒక ఉదయం నూకరత్నం క్యారేజీ సర్ది పైడిరాజు చేతిలో పెట్టింది.

"ఆ గుంట ఏటి తింతందో ఏటో. ఎల్లి ఎదురుగా కూకొని తినిపించి రా. నువ్వూ తిండి మానీసి ఎన్నాళ్ళిలా? మీ ఇద్దర్నీ సూడనేకపోతన్నాను."

పరిశోధనశాలలో హైమ ఒక ట్రే ముందు కూర్చుని ఉంది. ట్రేలో మట్టి మీద ఒక జత బూట్లు. ఎడమది చీలమండ దగ్గర కత్తిరించి ఉంది. రెండు బూట్ల అడుగునుంచీ పాచి పొంగి, చుట్టూ మట్టి మీదికి పచ్చగా పాకింది. పైడిరాజు క్యారేజీ బల్లమీద పెట్టి స్టూలు పట్టుకున్నాడు.

"చూడు నాన్నా" అంది హైమ. "అన్ని రోజులు నీళ్ళలో నానినా బూటు అడుగు గాళ్ళలో పాచి బతికే ఉంది. మట్టి తగలగానే మొలిచింది. మరి కొండమీద ఎందుకు మొలవలేదు? బాట పొడుగునా వెతికాం కదా, బాట వదిలి వెళ్ళిన అడుగు ఒక్కటీ కనబడలేదు. నేను చెప్పి పంపాను నాన్నా, నువ్వెక్కడున్నా మొలుస్తుందని. అది నమ్మే వెళ్ళాడు. ఎవరో ఒకరు వస్తారని చూస్తూ ఉండి ఉంటాడు. నా పాచి అబద్ధం చెప్పింది. ఒకటో తారీఖున అంతా కాల్చేస్తున్నాను. ఇక్కడున్నదీ, బాట మీదున్నదీ. ఆ తర్వాత ఇంక ఈ పని చెయ్యను."

"తిను అమ్మీ" అన్నాడు పైడిరాజు.

ఆమె రెండు ముద్దలు తింది. ఆయన వేళ్ళమీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. దారి మూసిన ఆదివారం నుంచి ముప్పై ఆరు. ఇంకో నాలుగు రోజులు నోరు మూసుకుంటే లోయలో ఉన్నదంతా ఎండి పొడైపోతుంది. అక్కడ అడుగులు ఉన్నాయో లేదో కూడా ఆయనకి తెలియదు. ఉండకూడదనే నెలరోజులుగా కోరుకున్నాడు. ఇప్పుడు ఆ బూట్లని చూశాక, ఉన్నాయని తెలిసిపోయింది. చెబితే ఈ పిల్ల జన్మలో తన మొహం చూడదు. చెప్పకపోతే చెయ్యని తప్పుకి జీవితమంతా కాలిపోతుంది.

"రేపు నాతో కొండకి రా" అన్నాడు. "అబద్దం సెప్పింది పాచి కాదమ్మీ."

పన్నెండో రాయి దగ్గర నిలబడి చెప్పాడు. ఆమె మొహం చూస్తూనే చెప్పాడు, అదొక్కటీ తనకి తానే వేసుకున్న శిక్ష.

"సివరిదాకా నడవనేదు. ఒక్క అడుగు ఎయ్యనేదు. నడిసినానని రాసీసినాను. ఆ బుధవారం నువ్వు పక్కనుండగా నోరిప్పనేకపోనాను."

హైమ బండ చాటుకి వెళ్ళి కొమ్మల మీదుగా దాటింది. ఆకులెండి రాలిపోయినా కొమ్మలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అవతల మోకాళ్ళ మీద కూర్చుని నేలమీద చెయ్యి ఆనించింది.

"మొలిచింది." ఒక్క క్షణం ఆ గొంతులో సంతోషం లాంటిదేదో పలికింది. "నాన్నా, మొలిచింది! నా పాచి మొలిచింది."

అడుగులు రంగు దిగి పసుపుపచ్చగా మారాయి గాని, స్పష్టంగానే ఉన్నాయి. ఒక వరుస లోయలోకి దిగింది, రెండు కాళ్ళూ పూర్తిగా ఆనిన అడుగులు. ఇంకో వరుస పైకి వచ్చింది. అందులో కుడి అడుగు మొత్తం పడింది, ఎడమ కాలివి మునివేళ్ళే. పక్కన కర్ర పోటు గుర్తులు. ఆ వరుస కొమ్మల దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడ పాచి గుమ్మంలో గోనెపట్టా పరిచినంత దట్టంగా ఉంది. అక్కణ్ణుంచి మళ్ళీ అదే కుంటికాలు వెనక్కి తిరిగి లోయలోకి దిగిపోయింది.

"దిగినవి శనివారానివి, నీళ్ళ కోసమై ఉంటుంది" అంది హైమ, పరిశోధనశాలలో ఎవరికో రాయిస్తున్నట్టు. "కాలు విరిగింది. నువ్వు మూసి వెళ్ళాకే, తన అడుగులు పట్టుకుని పైకొచ్చాడు. ఇక్కడ చాలాసేపు నిలబడ్డాడు. ఇక్కణ్ణుంచి బాటకి ఎంత దూరం?"

"ఇరవయ్యారు అడుగులు."

"మంచులో కనబడి ఉండదు. కానీ ఉత్త కొమ్మలే కదా. పక్కకి నెడితే పోయేవి. ఎందుకు దాటలేదు?"

అని, కొమ్మల వంక చూసింది. సమానమైన ఎడం. మొదళ్ళన్నీ ఒకే పక్కకి. ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు వేసినవని గుర్తుపట్టాడు. మావయ్య మూశాడంటే చివరిదాకా నడిచే మూసి ఉంటాడు, నడిచి ఉంటే నన్ను చూసేవాడే అనుకున్నాడు. చూడలేదంటే ఇది నేను వచ్చిన బాట కాదు, మంచులో ఏదో దొంగబాట పట్టుకున్నానని... తన బాట వెతుక్కుందామని వెనక్కి వెళ్ళాడు నాన్నా."

పైడిరాజు నేలమీద కూలబడ్డాడు. "నన్ను కొట్టమ్మీ" అన్నాడు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె కొట్టలేదు, దగ్గరికీ రాలేదు.

"లే. ఇప్పుడు నడు" అంది. "చివరిదాకా."

ఆయన లేచి, పారని కర్రలా ఊతం చేసుకుని, కుంటి అడుగుల పక్కనే దిగాడు. దాదాపు కిలోమీటరు. కింద ఒక బండ పంచన అడుగులన్నీ కలిసి పచ్చని పరుపులా ఉన్నాయి. ఫణి అక్కడ కూర్చున్నాడు, పడుకున్నాడు, లేచాడు. ఒక రాయి కింద బిస్కెట్ కాగితాలు మూడు, గాలికి ఎగిరిపోకుండా మడతపెట్టి ఉన్నాయి. కొండమీద చెత్త పారెయ్యకూడదు, అదీ ఆయన నేర్పిందే. అక్కణ్ణుంచి కుంటి అడుగులు గెడ్డలోకి దిగి, నీళ్ళ దగ్గర ఆగిపోయాయి. ఆ మూడు కాగితాలూ జేబులో పెట్టుకుని ఆయన పైకి వచ్చేసరికి హైమ కొమ్మలన్నీ పీకి అవతల పారేసి ఉంది. అరచేతులు గీరుకుపోయి రక్తం కారుతోంది.

"ఈ దారి మూయకు" అంది.

పాచిని కాల్చలేదు. తను కనిపెట్టింది పనిచేసిందని, ఎందువల్ల పనికి రాలేదో కూడా, ఉన్నదున్నట్టు నివేదికలో రాసింది. పైడిరాజు చిలకమ్మ వసారాకి వెళ్ళి, అందరినీ పిలిచి, రిజిస్టరులో ఆ పేజీ తీసి తన రాత కొట్టేసి, పక్కన 'నడవలేదు' అని రాసి సంతకం పెట్టాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది ఆయనకి. కొత్తవాళ్ళ చేత నియమం ఒప్పజెప్పించే పని చిలకమ్మ తీసుకుంది. ఒప్పజెప్పాక వాళ్ళకి ఆ పేజీ చూపిస్తుంది.

జట్టు ఆయన్ని పొమ్మనలేదు, ఆయన మానలేదు. పని ఆదివారం వస్తే ముందు పన్నెండో రాయి దగ్గర ఆ లోయలోకి దిగి, బండ పంచన కాసేపు కూర్చుని, ఎక్కి వస్తాడు. నలభై రోజులు ఎవరూ తొక్కకపోతే ఎండిపోతుంది కదా. ఫణి అడుగుల మీద మాత్రం కాలు పెట్టడు, పక్కనే నడుస్తాడు. అయినా ఆ అడుగులు ఎప్పుడో పొడైపోయాయి. ఇప్పుడక్కడ ఉన్నవి పైడిరాజు అడుగులు, వంకర చిటికెనవేలితో. ఆ బాట నడవడానికి ఆయన చెప్పులు విప్పేస్తాడు. హైమ తల్లితో మాట్లాడుతుంది. ఆయన ఫోన్ ఎత్తితే, "అమ్మకివ్వు" అంటుంది. ఆ ఒక్క మాట కోసమే ఫోన్ మోగగానే ఆయన పరుగెత్తుతాడు.

జూన్‌లో తొలకరి పడిన వారం కొండెక్కాడు. పన్నెండో రాయి దగ్గర చెప్పులు విప్పబోతూ ఆగాడు. పాచి మీద అడుగు పడితే గంటలో రంగు ముదురుతుంది. బండ చాటునుంచి లోయలోకి, ఆయన అడుగుల పక్కన పాకిన పాచి మీద, చిన్న బూట్ల అడుగులు నల్లగా తేలి ఉన్నాయి. ఆడమనిషివి. ఎడమ కాలు కొంచెం లోపలికి తిప్పి వెయ్యడం ఆ పిల్లకి నడక నేర్చిన నాటినుంచీ ఉన్న అలవాటు.

మోకాలి మీద చెయ్యి వేసుకుని, నొప్పికి పళ్ళు బిగించి, పూర్తిగా కిందికి వంగి చూశాడు. వెళ్ళినవే. తిరిగి వచ్చినవి లేవు.

లోపల మనిషి ఉంది.

వెంట వెళ్ళాలనిపించింది. కానీ ఆమె పిలవలేదు, ఆ దారి ఇవాళ ఆమెది. పార పక్కన పెట్టి, బండకి ఆనుకుని బాట మొదట్లో కూర్చున్నాడు. సన్నగా వాన మొదలైంది. ఇంకా వేయాల్సిన గుర్తులున్నాయి, ముయ్యాల్సిన దొంగబాటలున్నాయి. అవేవీ తలకెక్కలేదు. కొంతసేపటికి కింద నిమ్మలగెడ్డలో మూడింటి బస్సు హారన్ కొట్టింది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి పొడుగ్గా. తర్వాత బస్సు దిగిపోతున్న చప్పుడు మలుపు మలుపుకీ సన్నబడింది.

పైడిరాజు కదల్లేదు. తువ్వాలు తల మీద కప్పుకుని, గెడ్డ హోరులో అడుగుల చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చున్నాడు.